ఆమేన్ దాకా ఆగిన కర్రలు

మా ఊరి హైస్కూల్లో కర్రసాము నేర్పిన మాస్టారు పోయారు. కబురు నాకు చేపలామె నోట వచ్చింది. కానాగంతల గంప వాకిట్లో దించి, చెంగుతో మెడ తుడుచుకుంటూ, "గుమాస్తాగారమ్మా, సాము సారు పోయినాడంట, తెలుసునా? తెల్లారుజామున నమాజుకని లేచినాడంట. చెంబు పక్కన పెట్టుకొని మెట్టు మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడంట" అంది. ఆ పూట ఆమె బేరం ఆడలేదు, నేనూ ఆడలేదు. ఆమె కొడుకులిద్దరూ ఆయన దగ్గర కర్ర పట్టినవాళ్ళే.

ఆయన గురించి నేను కలం పట్టడం ఇది మూడోసారి. మొదటిసారి ఆయన మీద ఫిర్యాదు రాశాను. రెండోసారి ఆ ఫిర్యాదుకు ఆయన తరఫున జవాబు రాశాను. రెండూ ఒకే వారంలో. అది జరిగి పదేళ్ళు దాటింది. అప్పటినుంచీ ఆయన్ను గురించి నాలుగు మంచి మాటలు కాగితం మీద పెట్టాలని అనుకుంటూనే వచ్చాను. ఊళ్ళో అందరి ఉత్తరాలూ రాసిపెట్టేదాన్ని, నా పని దగ్గరికి వచ్చేసరికి కలం ఉంటే సిరా ఉండేది కాదు, రెండూ ఉంటే పొయ్యి మీద కూర ఉండేది. నిన్న ఆయన భార్య వచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళిన వస్తువును చూశాక ఇక సాకులు లేవు. ఆ వస్తువు సంగతి చివర చెబుతాను.

మా ఇంటాయన ఉప్పు కొటార్లలో గుమాస్తా, ఆదివారం సంఘపెద్ద. నేను నెల్లూరులో మిషను బోర్డింగులో ఉండి ఎస్సెస్సెల్సీ దాకా చదివాను. మా సముద్రపు పక్క ఊళ్ళో అప్పటికి అంతవరకు చదివిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. మద్రాసులో పనికి పోయిన కొడుక్కి ఉత్తరం రాయాలన్నా, తాలూకాఫీసుకి అర్జీ పెట్టాలన్నా అందరూ మా అరుగు మీదికే వచ్చేవారు.

సాము మాస్టారుది పరుపులు కుట్టే ఇల్లు. సాయిబులే అయినా వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. దూది ఏకి ఏకి ఆయన కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూగు ఉండేది. దానివల్ల నలభై ఏళ్ళ వయసులోనే ముసలాయనలా కనిపించేవారు. తీరా కర్ర చేతికొస్తే కంటికి కర్ర కనిపించేది కాదు, గాలి చప్పుడే వినిపించేది. హెడ్మాస్టరుగారు అంతకు ముందేడు పీర్ల పండుగలో ఆయన సాము చూసి ముచ్చటపడి, పిల్లలకు నేర్పమని స్కూల్లో తాత్కాలికంగా పెట్టుకున్నారు. వారానికి మూడు పొద్దులు. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఎక్కడా ఫిర్యాదు లేకుంటే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ ఖాయం కోసం ఆ ఇంట్లో ఎంతగా ఎదురుచూశారో నాకప్పుడు తెలియదు.

మా పెద్దవాడు సమూయేలుకు అప్పుడు పన్నెండేళ్ళు. వాడికి నత్తి. సాయంకాలం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రోజుకొకరు చేయాలి. వాడి వంతు వచ్చిన రోజు మొదటి మాట దగ్గరే ఆగిపోయి, మెడ నరాలు ఉబ్బి, మొహం కందగడ్డ అయ్యేది. చెల్లెళ్ళు నా కొంగులో మొహం దాచుకొని నవ్వేవాళ్ళు. చూడలేక వాడి వంతు నేనే చేసేదాన్ని. అది ప్రేమేనని నా నమ్మకం.

అటువంటివాడు ఒకరోజు బడినుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో వెదురు కర్ర. "అమ్మా, సా... సారు నా చెవి దాకా కొ... కొలిచి ఇచ్చినాడు. ఎవురి కర్ర వాళ్ళ చెవి దాకా ఉండాలంట!" అన్నాడు. వాడంతట వాడు ఒక కబురు మోసుకొచ్చి చెప్పడం అదే మొదలు. చేసి చూపిస్తానని వాకిట్లోకి దిగాడు. వంగి వేళ్ళతో నేల తాకాడు, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు, కర్ర నుదుటికి ఆనించుకున్నాడు. అన్నం తింటున్న మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏందిరా అది?"

"సాముకి ముం... ముందు అందరం చేస్తాం నాయనా."

"కర్రకు దణ్ణం పెడతావా? ఈ ఇంట్లో పుట్టి?"

"బై... బైబిల్లో దావీదు కూడా యుద్ధానికి కర్ర పట్టుకొనే పొయినాడు గదా."

"పట్టుకొని పొయినాడు. దానికి మొక్కలేదు."

నాకు నవ్వొచ్చింది కానీ లోపల గుబులు కూడా పుట్టింది. ఇది చదివేవారికి చిన్న విషయంగా తోచవచ్చు. మా అవ్వ కొత్తగా బాప్తిస్మం తీసుకొన్న ఏడు, జాతరలో తల వంచనన్నందుకు ఆమెకు ఊరి బావి మాన్పించారు. రెండేళ్ళు ఆమె చెలమ తవ్వుకొని నీళ్ళు తెచ్చుకుంది. ఆస్తిపాస్తులు లేని మాకు ఆమె వంచని తలే వారసత్వం. దాన్ని నా కొడుకు ఒక వెదురు కర్ర ముందు పోగొడుతున్నాడేమోనని నిజంగానే భయపడ్డాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ప్రార్థన గుడి పక్క పందిట్లో పదకొండు ఇళ్ళ తండ్రులు కూర్చున్నారు.

"బడిలో సాము నేర్పే కాడ గోడకి ఆంజనేయస్వామి పటం ఉందంట. మొదటి రోజు కర్పూరం కూడా ఎలిగించినారంట."

"నేర్పేదేమో సాయిబు, పటమేమో ఆంజనేయుడిది. మనోళ్ళకి ఇంక మిగిలింది చెమటే గదా!"

"నవ్వులాట కాదబ్బా. పీర్ల పండక్కి మన పిల్లకాయల్ని కూడా కర్రలిచ్చి ఊరంతా తిప్పినాడంట."

"ఎవురు చూసినారు?"

"ఎవురో చూసేవుంటారు. అందరూ అంటావుండారు గదా."

నేను కాగితం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. మూడు అంశాలు రాశాను. నేలకూ కర్రకూ మొక్కించడం ఒకటి. పటం ముందు కర్పూరం రెండు. మూడోది, "మా పిల్లలను పీర్ల ఊరేగింపులో తిప్పుచున్నారని మిక్కిలి విచారముతో విన్నవించుకొనుచున్నాము" అని. అటువంటి మనిషి బడిలో తగడని ముగింపు. తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు. మొదటి సంతకం మా ఆయనది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. నేనూ లోపల కాస్త మురిసిపోయాను.

బుధవారం మధ్యాహ్నం సాము మాస్టారు మా ఇంటికి వచ్చారు. చెప్పులు వాకిట్లో విడిచి, బల్ల చూపించినా మెట్టు మీదే కూర్చున్నారు. జేబులోనుంచి మడతపెట్టిన కాగితం తీశారు. మడత విప్పకముందే నాకు తెలిసిపోయింది.

"అమ్మా, హెడ్మాస్టరుగారు ఇది ఇచ్చి శుక్రవారం లోపల రాతలో జవాబియ్యమన్నాడు. నాకు అక్షరాలు రావు. ఊళ్ళో రాతపని మీదేనంట గదా. కొంచెం చదివి, జవాబు రాసిపెట్టండి."

మా ఆయన కొటార్లకు పోయి ఉన్నారు. కాదనడానికి నోరు రాలేదు. నేను రాసిన కాగితాన్ని, ఎవరి మీద రాశానో ఆయనకే చదివి వినిపించాను. పందిట్లో అంత బాగున్న మాటలు మా అరుగు మీద ఒక్కొక్కటీ రాయిలా పడుతున్నాయి. ఆయన తల వంచుకొని విన్నారు.

"మొదటిదానికి ఇట్టా రాయండమ్మా. చెమట పట్టిన చేతికి మన్ను తగిలితే కర్ర జారదు. మా ఉస్తాదు నేర్పింది అంతవరకే. కళ్ళకద్దుకునేది పిల్లకాయలు కలుపుకున్నారు, నేను వద్దనలే. మొక్కే లేదంటే మాత్రం అబద్ధం. నేను లోపల బిస్మిల్లా అనుకుంటా. ఆ పిల్లోళ్ళు హనుమంతుణ్ణి తల్చుకుంటారు. మీ పిల్లోళ్ళకి ఏం కావాల్నో నేనడగలే. అడక్కపోయింది నా తప్పే. అది కూడా రాయండి."

రాశాను.

"కర్పూరం నిజమే. పెద్ద క్లాసు పిల్లకాయలు ముచ్చటపడినారు, నేనే తెచ్చిచ్చినా. నాకా పొగకు తుమ్ములు తప్ప ఇంకేం రాలే. తుమ్ములు రాయబాకండి."

నేను నవ్వాను. ఆయనా నవ్వారు. తరువాత మూడోదానికి వచ్చాం.

"పీర్ల పండక్కి నాతో వచ్చింది మా అన్న కొడుకులు, చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్లకాయలు ఇద్దరు. మీ పిల్లోడు గాని, మీ గుడికి పొయ్యే పిల్లోళ్ళు గాని ఒక్కరూ రాలే. రాలేదని రాయండి. చూసినోళ్ళు ఎవురైనా ఉంటే నా ఎదురుగా చెప్పమనండి. అమ్మా, మిగతా రెండిటికీ ఉద్యోగం పోతే పోనీ, అవి జరిగినాయి. ఈ జరగనిదానికి పోతే ఇంట్లోవాళ్ళకి ఏమని చెప్పేది?"

నా కలం ఆగిపోయింది. విగ్రహానికి తల వంచకూడదన్న ఆజ్ఞను కాపాడబోయి, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను నేనే మీరాను. అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

జవాబు పూర్తయ్యింది. ఆయన వేలిముద్ర వేయకుండా లేచి నిలబడ్డారు. "ఒక్క మాట చెప్తా, తప్పుగా అనుకోబాకండి. దీన్ని మీ సమూయేలు చేత ఎత్తి రాయించండి. ఆ కాయితం మీద వేస్తా ముద్ర. రెండు కాయితాలూ ఒకే చేతిరాతలో పోతే హెడ్మాస్టరుగారు తికమకపడతాడు."

రాసిన కాగితాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. "చదవడం రాదన్నారే" అన్నాను.

"చదవను రాదమ్మా. చెయ్యి తిరిగే వాటం తెలస్తది. ముప్పై ఏళ్ళుగా నేను చూస్తావుండేది అదే గదా." చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అన్నారు. "మీ చెయ్యి మంచిది. యాడా తొందరపడదు."

తొందరపడింది చెయ్యి కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

సాయంకాలం మా ఆయన రాగానే చెప్పేశాను.

"ఆయన జవాబు నువ్వు రాసినావా?" అని గొంతు పెంచారు.

"ఫిర్యాదు కూడా నేనే రాసినా గదా."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. నా వైపు తిరిగి, "మూడోది మనలో ఎవురూ చూడలేదా?" అన్నారు.

"ఎవురూ చూడలేదు."

"అయితే నేను లేచి చెప్తాలే."

"నా చేత్తో రాసినా. నేనే చెప్తా" అన్నాను. పెళ్ళయినప్పటినుంచి ఆయనకు ఎదురుచెప్పింది ఆ ఒక్కసారే కాబోలు.

శుక్రవారం అందరినీ విచారణకు పిలిస్తే, హెడ్మాస్టరుగారి గదిలో అంతమంది మగవాళ్ళ మధ్య లేచి నిలబడ్డాను. నా గొంతు మామూలుగానే చిన్నది. "మూడో అంశం చూసి రాసింది కాదండీ, విని రాసింది. తప్పు నాది" అన్నాను. వెనకనుంచి ఎవరో, "కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నారు. రెండోసారి చెప్పడమే కష్టమైంది.

హెడ్మాస్టరుగారు, "సరే, మిగతా రెండిటి సంగతేంది?" అన్నారు. అప్పుడు సాము మాస్టారు మా ఆయన వైపు తిరిగారు.

"అయ్యా, మీరు ఏదన్నా పని మొదలుపెట్టేముందు ఏం చేస్తారు?"

"ప్రార్థన చేస్తాం."

"ఎంతసేపు?"

"ఈయన చేస్తే మాత్రం బడి వదిలే టయిం అవుతుంది" అన్నారు వెనకనుంచి ఒక తండ్రి. గదంతా నవ్వులు. మా ఆయన కూడా నవ్వక తప్పలేదు. "ఒకరు చేసి ఆమేన్ అంటే అందరిదీ అయినట్టే" అన్నారు.

"అట్టయితే సరిపాయె. మన్ను చేతికే గాని కంటికి కాదు. పటం కావల్సినోళ్ళు ముందే పొయ్యి చూసుకొని వస్తారు. తర్వాత మీ పిల్లోళ్ళలో ఒకడు ప్రార్థన చేస్తాడు. ఆమేన్ వినబడినాకే కర్ర లేస్తది. అందరిదీ."

హెడ్మాస్టరుగారు ఫిర్యాదు కాగితాన్ని మడిచి, "ఇది ఆఫీసులో ఉండనక్కర్లేదు" అని మాస్టారి చేతికే ఇచ్చేశారు. ఇంటికి పోయి పొయ్యిలో వేసి ఉంటారనుకున్నాను. ఆ ఏడాది చివర ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు తెలిసిన సాయంకాలం ఆయన భార్య మా ఇంటికి బెల్లం పెట్టిన పళ్ళెం పంపింది.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఆ శుక్రవారం అయిన ఒక నెల తరువాత పోస్టాఫీసుకు పోతూ స్కూలు కంచె పక్కగా నడుస్తున్నాను. సాము పొద్దు. కర్రల చప్పుడు వినబడలేదు. చూస్తే నలభైమంది పిల్లలు కర్రలు దించుకొని కదలకుండా నిలబడి ఉన్నారు. ఏదో జరిగిందనుకొని కంచె దగ్గరికి పోయాను. అప్పుడు ఒక గొంతు వినబడింది. "ప్ర... ప్ర... ప్ర..."

మా సమూయేలు గొంతు.

ఎండ చురుక్కుమంటోంది. వాడు ప్రభువా అన్న మాట దాటడానికే ఎంతసేపు పట్టిందో. ఒక్క పిల్లవాడు కిసుక్కుమనలేదు. సాము మాస్టారు అందరికంటే ముందు తల వంచుకొని, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకొని నిలబడ్డారు. వాడికి మాట అందించలేదు, త్వరగా కానీ అనలేదు, కళ్ళెత్తి చూడలేదు. మాట ఆగిన చోట ఆయనా ఆగి ఉన్నారు. కంచె ఇవతల నేనూ ఆగిపోయాను. నోటిదాకా వచ్చిన మాటను, వాడి బదులు చెప్పబోయిన మాటను, మింగేశాను. చివరికి "ఆ... ఆ... ఆమేన్!" అని గట్టిగా వచ్చింది. నలభై కర్రలు ఒక్కసారి లేచాయి.

తరువాత వాడే చెప్పాడు. మొదటిసారి వాడి వంతు వచ్చినప్పుడు ఇంకో పిల్లవాడు, "వీడికి నత్తి సార్, నేను చేస్తా" అన్నాడట. మాస్టారు, "వాడి వంతు వాడిది. మనకేం రైలు వెళ్ళిపోతా ఉందా?" అన్నారట.

ఆ సాయంకాలం మా ఇంటి ప్రార్థనలో వాడి వంతు వాడికి తిరిగి ఇచ్చేశాను. అన్నం చల్లారింది. చెల్లెళ్ళు నవ్వలేదు. వాడి నత్తి పోయిందని చెప్పను, ఇప్పటికీ ఉంది. కానీ ఆ తరువాత వాడు మాట మధ్యలో సిగ్గుపడి ఆపేయడం నేను చూడలేదు.

సాము మాస్టారు ఎక్కువ మాట్లాడే మనిషి కారు. పిల్లలకు చెప్పినవి రెండు మూడే మాటలు. "ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు, దించేది నేర్చుకో నాయనా." పిల్లలు దెబ్బ బాగా వేశామని ఎగిరితే, "వేసింది కాదు, ఆపింది చూపించు" అనేవారు. కర్ర కొన ఎదుటివాడి చొక్కా తాకీ తాకకుండా ఆగాలి. తాకితే ఇద్దరూ మొదటినుంచి చేయాలి. నీళ్ళు తాగేటప్పుడు కూర్చొని మూడు గుక్కల్లో తాగేవారు. పిల్లల కర్రలకు ప్రతి వేసవికీ ఆయనే నూనె పట్టించేవారు. కర్ర చెవికి అందనంత ఎదిగిన పిల్లవాడికి కొత్త కర్ర కొలిచి ఇచ్చి, పాతదాన్ని వాడినే ఉంచుకోమనేవారు.

ప్రతి క్రిస్మసుకూ ముందు ఒక సంచి నిండా దూది పంపేవారు. మా సండే స్కూలు నాటకంలో గొర్రెలకు ఒంటినిండా ఆయన దూదే. ఒక ఏడాది దూది ఎక్కువై చిన్న పిల్ల ఒకతి కళ్ళు కనబడక స్టేజీ మీంచి గొర్రె వేషంతో సహా జారింది. స్టేజీ పక్క తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మాస్టారే ఒడిసి పట్టుకున్నారు. "నా దూదే గదమ్మా, నాకు తగిలినా తగల్లేదు" అని నవ్వించారు.

మా సమూయేలు ఇప్పుడు బిట్రగుంటలో రైల్వే పనిలో ఉన్నాడు. కబురు అందగానే పగటి బండికి వచ్చేశాడు. మట్టి చేసే చోటికి ఆడవాళ్ళం పోలేదు, వాడు వచ్చి చెప్పింది రాస్తున్నాను. అందరూ మూడేసి పిడికిళ్ళ మన్ను వేశారు, వాళ్ళ మసీదు పెద్దాయన దువా అని వాళ్ళ ప్రార్థన చేశారు. జనం కదలబోతుంటే చేపలామె పెద్దకొడుకు, "సమూయేలన్నా, నీది కాలే" అన్నాడట. వీడు కళ్ళు మూసుకొని మొదలుపెట్టాడు. మాట తట్టుకుంది. తట్టుకున్న ప్రతిచోటా పాత శిష్యులంతా చేతులు కిందికి దించుకొని నిలబడ్డారట. ఆయన కొడుకులూ నిలబడ్డారు, ఆ పెద్దాయన కూడా నిలబడ్డారు. ఆమేన్ వినబడ్డాకే అందరూ కదిలారు.

ఇల్లు కదలకూడని నాలుగు నెలలు తీరాక, నిన్న ఆయన భార్య వచ్చి ఒక గుడ్డ మూట ఇచ్చింది. నూనె వాసన. ఆయన ఉస్తాదు కర్రకు చుట్టి ఉంచిన గుడ్డ అట. లోపల నా ఫిర్యాదు, మడత పెట్టింది పెట్టినట్టే.

"పొయ్యిలో వెయ్యనియ్యలేదమ్మా. ఎవురికీ చూపించనూ లేదు. ఏడాదికొకసారి కర్రకు నూనె పెట్టేటప్పుడు తీసి చూసి, మళ్ళా పెట్టేవాడు. చదవను రాదు గదా, ఏం చూస్తావని అడిగితే, 'మంచి చెయ్యే, చూస్తావుండా' అనేవాడు. ఇది మీది గదా, మీకే ఇయ్యాలనిపించింది."

ఆమె వెళ్ళాక విప్పి చూశాను. మూడో అంశం కింద, అక్షరాలు రాని మనిషి వేలితో తడిమినట్టు, ఒక నూనె మరక ఉంది.

మా సమూయేలు మొదటి కర్ర ఇంకా మా తలుపు మూలనే ఆనించి ఉంది. చెవి దాకా కొలిచిన కర్ర ఇప్పుడు వాడి రొమ్ముదాకా వస్తుంది. ఈ కాగితాలను ఆ ఫిర్యాదుతో కలిపి అదే గుడ్డలో చుట్టి, నా బైబిలు ఉండే పెట్టెలో పెడుతున్నాను. నా తరువాత ఆ పెట్టె తెరిచే నా పిల్లలూ, వాళ్ళ పిల్లలూ ఇది చదవండి. చదివి, విడదీయకుండా మళ్ళీ చుట్టిపెట్టండి. బయటివాళ్ళకు చూపించకండి, ఆయన చూపించలేదు. రెండూ ఒకే చేతిరాత అని మీకు తెలిస్తే చాలు.